మందు కన్నా ముందు గదిలోని గాలిని చూడండి

ఆయుర్వేద వైద్యుని వద్దకు వచ్చేవారు కొన్ని ప్రశ్నలకు సిద్ధపడి వస్తారు. ఆకలి ఎలా ఉన్నది, విరేచనం సాఫీగా అవుతున్నదా, రాత్రి నిద్ర పడుతున్నదా అని అడిగితే తడుముకోకుండా జవాబు చెబుతారు. "మీరు పడుకునే గదిలోకి గాలి ఎటు నుండి వస్తుంది, ఎటు పోతుంది?" అని అడిగితే మాత్రం భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. తలుపులు బిగించి ఏసీ వేసుకుంటామని కొందరు, కూలర్ పెట్టుకుంటామని మరికొందరు చెబుతారు. ఆ యంత్రాన్ని చివరిసారి ఎప్పుడు శుభ్రం చేశారన్న ప్రశ్నకు చాలామంది వద్ద సమాధానం ఉండదు.

ఈ ప్రశ్న నేను ఊరక అడగడం లేదు. కొన్ని సంవత్సరాలుగా ఫాల్గుణ మాసం మొదలు ఆషాఢం దాకా మా చికిత్సాలయానికి ఒకే తీరు బాధలతో కుటుంబాలకు కుటుంబాలు వస్తున్నాయి. తెల్లవారుతూనే తుమ్ములు, ముక్కు దిబ్బడ, గొంతులో గరగర, తలబరువు, పిల్లలకు రాత్రివేళ పొడిదగ్గు. సితోపలాది చూర్ణం వాడితే నాలుగు రోజులు తగ్గింది, మళ్ళీ వచ్చింది అంటారు. ఇంగ్లీషు మందు వాడినా అంతే అంటారు. రోజుకు ఎనిమిది గంటలు రోగకారణం మధ్యనే పడుకునేవారికి ఏ మందైనా ఎంతకాలమని పనిచేస్తుంది?

చికిత్సలన్నింటిలో మొదటిది నిదాన పరివర్జనమని, అనగా రోగాన్ని పుట్టించే కారణాన్ని తొలగించడమని, మా శాస్త్రం చెబుతున్నది. ఈ సూత్రాన్ని నేను గోదావరి తీరాన గురువుగారి ఇంట విద్యార్థిగా ఉన్ననాడే నేర్చుకున్నాను. ఆయన రోగి ఇంటికి వెళ్ళినప్పుడు నాడి పట్టుకోవడానికి ముందు వంటయింటి పొగ ఎటు పోతున్నదో, పడకగది గోడకు చెమ్మ ఉన్నదో లేదో చూసేవారు. ఆ రోజులలో చూడవలసినవి అవి. నేటి ఇళ్ళలో వాటితోపాటు ఏసీ, కూలర్, గీజర్ కూడా చూడవలసి ఉన్నది. గదిలోని గాలి బాగుపడకుండా కషాయాలు మార్చుకుంటూ పోవడం వృథా వ్యయమని నా నిశ్చితాభిప్రాయం.

శాస్త్రం చెప్పిన నాలుగు కారణాలు

ప్రతిశ్యాయం, అనగా పడిశం, ఎందువల్ల వస్తుందో చెబుతూ సుశ్రుతాచార్యుడు పేర్కొన్న కారణాలలో నాలుగు నేటి గృహస్థులు జాగ్రత్తగా గమనించదగినవి. అవి పొగ, దుమ్ము, చలి, మితిమీరిన వేడి. శ్వాసరోగానికి కారణాలు చెప్పిన చోట కూడా దుమ్ము, పొగ కనబడతాయి.

ఈ నాలుగూ నేటి పడకగదిలో ఒకేచోట చేరుతున్నాయి. ఏసీ ఫిల్టర్‌లో పేరుకున్నది దుమ్ము. రిమోట్ మీద 18 అంకె పెట్టి వణుకుతూ కప్పుకునేది చలి. తలుపు తీసి ఒక్కసారిగా 43 డిగ్రీల ఎండలోకి అడుగుపెట్టడం మితిమీరిన వేడి. దోమలు రాకుండా మూసిన గదిలో వెలిగించే చుట్ట, మంచిదని వేసే ధూపం పొగ. వీటికి తోడు గోడలకు, చల్లబరచే యంత్రానికి పట్టే చెమ్మ ఐదవది.

గాలి ఆడని చల్లదనం

చరకాచార్యుడు రోగి నివసించవలసిన గృహాన్ని వర్ణిస్తూ, ఆ గృహం పెనుగాలి నేరుగా తాకనిదిగా ఉండాలని, అయినా ఒక వైపున గాలి ధారాళంగా ఆడుతూ ఉండాలని, పొగ, ఎండ, దుమ్ము చేరనిదిగా ఉండాలని చెప్పాడు. గ్రీష్మ ఋతుచర్యలో కూడా పగలు చల్లని గృహంలో నిద్రించమని చెప్పినవాడే రాత్రి గాలి వీచే మేడ మీద పడుకొమ్మన్నాడు. చల్లదనం వద్దని ఆయన ఎక్కడా అనలేదు. గాలి ఆడని చల్లదనాన్ని మాత్రం కోరలేదు.

మన ఇళ్ళలోని స్ప్లిట్ ఏసీ చేసే పని ఏమిటో చాలామందికి తెలియదు. బయటి గాలిని చల్లబరచి లోపలికి పంపుతుందని అనుకుంటారు. అది నిజం కాదు. గదిలో ఉన్న గాలినే లోపలికి పీల్చి, చల్లని గొట్టాల మీదుగా పంపి, అదే గాలిని తిరిగి గదిలోకి వదులుతుంది. గోడ అవతల ఉన్న రెండవ పెట్టె లోపలి వేడిని బయటకు విడిచిపెట్టడానికే గాని గాలిని మార్చడానికి కాదు. కొన్ని కిటికీ ఏసీలలో కొద్దిపాటి గాలి మార్పిడికి చిన్న మూత ఉంటుంది. దానిని తెరిచేవారు అరుదు.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిలో పట్టే గాలి సుమారు 34,000 లీటర్లు. భార్య, భర్త, ఒక బిడ్డ అందులో నిద్రిస్తే ముగ్గురూ కలిసి గంటకు సుమారు 30 నుండి 35 లీటర్ల కార్బన్ డయాక్సైడును, పాత పాఠ్యపుస్తకాలు బొగ్గుపులుసు వాయువు అన్నదానిని, వదులుతారు. బయటి గాలిలో ఆ వాయువు 0.04 శాతం మాత్రమే. గది పూర్తిగా బిగించి ఉంటే ఒక్క గంటలోనే దానికి మరొక 0.1 శాతం చేరుతుంది. తలుపు సందుల నుండి కొంత గాలి మారుతుంది గనుక వాస్తవంలో ఇంత వేగంగా పెరగకపోవచ్చు. అయినా తెల్లవారేసరికి ఆ గదిలో ఒకరు విడిచిన గాలినే మరొకరు పలుమార్లు పీల్చి ఉంటారు.

ఇంతమాత్రానికే ప్రాణాపాయం లేదు. తెల్లవారి లేచినప్పుడు తల దిమ్ముగా ఉండడం, నిద్రపోయినా అలసట తీరకపోవడం, ఒకరికి జలుబు వస్తే వారంలో ఇంటిల్లిపాదికీ అంటుకోవడం మాత్రం ఉంటాయి. గాలి మారని గదిలో అంటురోగం ఎంత సులభంగా వ్యాపిస్తుందో 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ మనకు నేర్పింది. ఆ పాఠాన్ని మనం అప్పుడే మరచిపోయాం.

దీనికి ఉపాయం ఖర్చు లేనిది. పడుకునే ముందు పావుగంట, లేచిన వెంటనే అరగంట ఎదురెదురుగా ఉన్న తలుపు, కిటికీ రెండూ తెరవండి. ఒకటే తెరిస్తే గాలి ఆడదు. రాత్రివేళ ఏసీ నడుస్తున్నప్పుడు కూడా హాలు వైపు తలుపును నాలుగు వేళ్ళ సందు ఉంచి వేయండి. హాలులో దోమతెర ఉన్న కిటికీ ఒకటి తెరిచి ఉంచండి. కరెంటు బిల్లు కొంచెం పెరుగుతుందని కొందరు అంటారు. మందుల బిల్లుతో పోల్చి చూసుకోండి.

దుమ్ము, చెమ్మ: యంత్రాన్ని ఇలా కాపాడుకోండి

ఒక కుటుంబం ఎనిమిదేళ్ళ పాపను మా వద్దకు తీసుకువచ్చింది. మూడు వేసవులుగా ఆ పిల్లకు ఉదయం లేవగానే వరుసగా పది పదిహేను తుమ్ములు, ముక్కు నుండి నీరు. సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళితే బాగుంటుంది, తిరిగి రాగానే మొదలు. ఈ ఒక్క మాటే నాకు దారి చూపింది. ఏసీ సర్వీసింగ్ సంగతి అడిగితే, ఏటా మెకానిక్ వచ్చి గ్యాసు నింపి పోతాడని తండ్రి చెప్పాడు. మందు వ్రాయడానికి ముందు యంత్రాన్ని విప్పించి చూడమని చెప్పి పంపాను. వడపోత జాలి మీద పరుపులోని దూదిలాగా దుమ్ము పట్టి ఉన్నది. లోపలి నీరు పోయే గొట్టం పాచితో పూడిపోయి ఆ నీరు గోడలోకి దిగుతున్నది. బీరువా వెనుక గోడ నల్లని బూజుతో నిండి ఉన్నది. అన్నీ శుభ్రం చేయించిన తరువాత కొన్ని వారాలకు తుమ్ములు చాలావరకు తగ్గాయి. పూర్తిగా పోలేదు, ఆ పాపకు దుమ్ము పడని స్వభావం ఉన్నది. అయితే ఆ తరువాత ఇచ్చిన మందుకు పనిచేసే అవకాశం దొరికింది.

ఏసీ ముందు భాగంలోని ప్లాస్టిక్ మూత ఎత్తితే సన్నని వల వంటి జాలి కనబడుతుంది. దానినే ఫిల్టర్ అంటారు. వేసవిలో పదిహేను రోజులకొకసారి దీనిని కడగాలి. రోడ్డు పక్క ఇళ్ళలో వారానికొకసారి. ముందు స్విచ్ ఆపి, ప్లగ్ తీసివేయాలి. జాలిని బయటకు తీసి, దుమ్ము పట్టిన వైపున కాక దాని వెనుక వైపు నుండి కుళాయి నీరు పోయాలి. అప్పుడు దుమ్ము కన్నాలలోకి దిగకుండా బయటకు రాలిపోతుంది. జిడ్డు ఉంటే కొద్దిగా సబ్బు నీరు వాడవచ్చు. ఎండలో పెడితే ప్లాస్టిక్ చట్రం వంకరపోతుంది గనుక నీడలో ఆరబెట్టాలి. పూర్తిగా ఆరిన తరువాతనే తిరిగి బిగించాలి. ఇదంతా పావుగంట పని. పదేళ్ళ పిల్లవాడికి నేర్పినా పెద్దవారు దగ్గర ఉంటే చేయగలడు. ప్రతిసారీ ఇల్లాలే చేయాలన్న నియమం ఏమీ లేదు.

జాలి వెనుక ఉండే చల్లని గొట్టాలను, వాటి రేకులను, కింద నీరు చేరే పళ్ళేన్ని, గొట్టాన్ని శుభ్రం చేయడం మెకానిక్ పని. సంవత్సరానికి రెండుసార్లు, మహాశివరాత్రి తరువాత వేసవి ముదరక ముందు ఒకసారి, వర్షాలు వెనుకబట్టిన తరువాత మరొకసారి చేయించాలి. పైపైన గుడ్డతో తుడిచి వెళ్ళడం సర్వీసింగ్ కాదు. లోపలి భాగాన్ని నీటి ధారతో కడిగించి, నీరు గొట్టం గుండా ధారాళంగా బయటకు పోతున్నదో లేదో మీరే నిలబడి చూడండి. చల్లని గొట్టాల మీద గదిలోని తేమ నీరై కారుతుంది. చీకటి, తేమ, దుమ్ము మూడూ కలిసిన చోట బూజు పుడుతుంది. ఏసీ వేయగానే తడిసిన గోనెపట్టా వాసన వస్తే లోపల బూజు పట్టినదని గుర్తు. అత్తరు చల్లి ఆ వాసనను కప్పిపుచ్చవద్దు. ఏసీ ఆపే ముందు పది పదిహేను నిమిషాలు చల్లదనం ఆపి ఫ్యాన్ మాత్రమే నడిపితే లోపలి తడి ఆరి బూజు పట్టడం తగ్గుతుంది.

ఏటా గ్యాసు నింపించుకునేవారికి ఒక మాట. ఆ గ్యాసు మూసిన గొట్టాలలో తిరుగుతూ ఉంటుంది. వాడినకొద్దీ పెట్రోలులాగా తరిగిపోదు. తగ్గినదంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. కారే చోటును మూయించకుండా నింపించడం చిల్లు కుండలో నీరు పోసినట్లే.

కూలర్ వాడేవారికి

అనంతపురం, కర్నూలు, రామగుండం వంటి పొడి ప్రాంతాలలో కూలర్ మంచి సాధనం. బయటి గాలిని లోపలికి తెస్తుంది గనుక గాలి మార్పిడి విషయంలో అది ఏసీ కన్నా మేలే. అయితే కూలర్‌ను కిటికీ వద్ద పెట్టి, ఎదురు వైపున మరొక కిటికీ తెరవాలి. మూసిన గది నడుమ పెట్టి నడిపితే కొంతసేపటికి చల్లదనం పోయి ఉక్క మిగులుతుంది, గోడలకు చెమ్మ పడుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర పట్టణాలలో గాలిలోనే తేమ ఎక్కువ. అక్కడ కూలర్ వల్ల మేలు తక్కువ, చెమ్మ ఎక్కువ. గదిలో తేమ 40 నుండి 60 శాతం మధ్య ఉండడం మంచిది. దానిని చూపే చిన్న పరికరం కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. తేమ ఇంతకు మించిన గదిలో బూజు పెరుగుతుంది. పరుపులలో, దిండ్లలో కంటికి కనబడని సూక్ష్మకీటకాలు వృద్ధి చెందుతాయి. దుమ్ము పడని చాలామందికి తుమ్ములు తెప్పించేవి ఇవే.

కూలర్ తొట్టె విషయంలో అశ్రద్ధ ప్రాణం మీదకు తెస్తుంది. డెంగీ జ్వరాన్ని వ్యాపింపజేసే ఏడిస్ దోమ మురుగునీటి కన్నా ఇంటిలోని నిలవ నీటినే కోరుతుంది. గుడ్డు నుండి దోమ కావడానికి సుమారు వారం, పది రోజులు చాలు. ఆ గుడ్లు నీటి అంచున తొట్టె గోడకు అంటుకొని ఉంటాయి. నీరు ఒంపివేసినా అవి నెలల తరబడి ఎండి కూడా బ్రతికే ఉండి, మళ్ళీ నీరు తగిలినప్పుడు పొదుగుతాయి. కాబట్టి వారానికొకసారి నీరు పారబోయడంతో సరిపెట్టక తొట్టె లోపలి అంచులను కొబ్బరిపీచుతో గాని బ్రష్షుతో గాని గట్టిగా రుద్ది, ఆరబెట్టి, తరువాత కొత్త నీరు పోయాలి. శుక్రవారం డ్రై డే అని ఆరోగ్యశాఖవారు చెప్పే మాటను తేలికగా తీసుకోవద్దు.

వట్టివేళ్ళ తడికెలు మనకు పాతవే. వాటి పరిమళం హృద్యం. వాటి శీతగుణాన్ని శాస్త్రం కొనియాడింది. కాని అవి కూడా తడిసి, ఆరక, మళ్ళీ తడిస్తే కుళ్ళుతాయి. వట్టివేళ్ళయినా, చెక్కపొట్టు మెత్తలయినా వాడనివేళ ఎండలో ఆరబెట్టి, ప్రతి వేసవికి కొత్తవి మార్చుకోవాలి.

నిలవ నీరు, వీచే గాలి కలిసినచోట అశ్రద్ధ ఎంతటి అనర్థం తెస్తుందో చూపిన సంఘటన ఒకటి చరిత్రలో ఉన్నది. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఒక హోటలులో మాజీ సైనికుల సమావేశం జరిగింది. దానికి వచ్చిన వారిలో చాలామందికి తీవ్రమైన ఊపిరితిత్తుల జ్వరం వచ్చి సుమారు 30 మంది మరణించారు. మరుసటి ఏడాది జనవరిలో శాస్త్రజ్ఞులు దానికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నారు. అది నిలవ నీటిలో పెరిగి, సన్నని తుంపరలతో ఊపిరితిత్తులలోకి చేరుతుందని తేలింది. పెద్ద భవనాలను చల్లబరచే నీటి యంత్రాలను కడిగి శుద్ధి చేసే కట్టుబాట్లు దీని తరువాత బలపడ్డాయి. ఇంటి స్ప్లిట్ ఏసీలో అటువంటి నీటి తొట్టె ఉండదు గనుక ఆ భయం పెట్టుకోనక్కరలేదు. నీటిని నిలవ ఉంచరాదన్న నీతి మాత్రం అందరికీ వర్తిస్తుంది.

పొగ విషయంలో నా తోటి వైద్యులకు కూడా ఒక మాట

ఈ భాగం కొందరికి రుచించకపోవచ్చు. ధూపనం ఆయుర్వేదంలో ఉన్నది. కాశ్యప సంహితలో శిశువుల కోసం ధూపకల్పమనే అధ్యాయమే ఉన్నది. సాంబ్రాణి, గుగ్గిలం, వేపాకు మన ఇళ్ళకు కొత్తవి కావు. వీటిని నేను నిరాకరించడం లేదు. అయితే అవి ఏ ఇళ్ళలో వేసేవారో ఒకసారి తలచుకోండి. నడుమ ఆకాశం కనబడే మండువా లోగిళ్ళలో, పెంకుల సందున పొగ పైకి పోయే ఇళ్ళలో వేసేవారు. పొగ వచ్చేది, తిరిగి పోయేది. నేటి అపార్టుమెంటు పడకగదిలో అల్యూమినియం కిటికీలు బిగించి, ఏసీ వేసి ధూపం పెడితే ఆ పొగ పోవడానికి దారి ఏది? ఏసీ దానినే మళ్ళీ మళ్ళీ పీల్చి మన మీదకు వదులుతుంది. ఫిల్టర్ జాలి నూలుపోగులను, ముతక దుమ్మును ఆపగలదు గాని పొగలోని అతి సన్నని రేణువులను ఆపలేదు.

ఔషధాల పొగ అయినా అది పొగే. గాలిని శుద్ధి చేస్తుందని చెప్పి మూసిన గదులలో వాడుకొమ్మని ధూపపు కడ్డీలు అమ్మడం శాస్త్రసమ్మతం కాదు. ధూపం వేయదలచినవారు కిటికీలు తెరిచి, కొద్దిసేపు వేసి, పొగ పోయిన తరువాతనే పిల్లలను, వృద్ధులను ఆ గదిలోకి రానివ్వండి. ఉబ్బసం ఉన్న ఇంట అసలు వద్దు.

దోమల చుట్ట సంగతి మరింత దారుణం. ఒక్క చుట్ట కాలి వెలువరించే సూక్ష్మరేణువులు 75 నుండి 137 సిగరెట్లు వెలువరించే వాటికి సమానమని 2003లో ప్రచురితమైన ఒక పరిశోధన తేల్చింది. ఇంట్లో సిగరెట్టు ముట్టని తండ్రి బిడ్డ పక్కన రాత్రంతా చుట్ట వెలిగించి పడుకుంటున్నాడు. దోమతెర కన్నా మంచి మందు దోమలకు లేదు.

ఇక కుంపటి. బాలింత గదిలో నిప్పుల కుంపటి పెట్టడం మన ఆచారం. చలికాలంలో ఆదిలాబాదు ప్రాంతంలో, మన్యంలో చలి కాచుకోవడానికి కూడా పెడతారు. గాలి ఆడని గదిలో బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు పట్టుకోవలసిన చోటును అది 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత వచ్చి, నిద్రలోనే ప్రాణం పోవచ్చు. పచ్చి బాలింతను, పసికందును అటువంటి గదిలో తలుపు మూసి ఉంచడం కన్నా ప్రమాదం మరొకటి లేదు. వెచ్చదనం కావాలంటే దుప్పట్లతో, వేడినీటి సంచితో ఇవ్వవచ్చు. నిప్పులు మాత్రం తలుపు మూసిన గదిలో ఉండరాదు.

గ్యాసు గీజర్ కూడా ఈ కోవలోనిదే. స్నానాల గదిలో గీజర్ బిగించి, చలి అని కిటికీ మూసి స్నానం చేస్తూ స్పృహ తప్పి మరణించినవారి వార్తలు ప్రతి చలికాలం చదువుతూనే ఉన్నాం. గ్యాసు గీజర్‌ను గది వెలుపల గాలి ఆడేచోట బిగించి, వేడినీటిని గొట్టం ద్వారా లోపలికి తెచ్చుకోవాలి. దాని మంట నీలిరంగులో ఉండాలి. పసుపురంగుకు మారితే వాడడం ఆపి బాగుచేయించాలి. స్నానం చేస్తుండగా తలతిరిగినట్లు అనిపిస్తే వెంటనే బయటకు రావాలి.

చలి, వేడి మధ్య సమత

ఏసీ అనారోగ్యహేతువని, దానిని వదిలివేయమని బోధించేవారితో నేను ఏకీభవించను. 2015 మే నెలలో వడగాడ్పులకు మన రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి వేయిమందికి పైగా మరణించారు. వృద్ధులకు, గుండె జబ్బు ఉన్నవారికి, పసిపిల్లలకు వడదెబ్బ రోజులలో చల్లని గది ప్రాణరక్షణ. మితం తప్పడమే దోషం.

2020 జనవరి 1 నుండి మన దేశంలో అమ్మే గది ఏసీలు మొదట 24 డిగ్రీల వద్ద పనిచేసేలా ప్రభుత్వం నియమం చేసింది. ఒక్కొక్క డిగ్రీ పెంచినకొద్దీ సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని ఇంధన పొదుపు శాఖవారి లెక్క. నా సలహా 25, 26 డిగ్రీలు పెట్టి, పైన ఫ్యాను నెమ్మదిగా తిప్పుకొమ్మని. ఏసీ గాలి నేరుగా తల మీద, ఛాతీ మీద పడకుండా రెక్కలను పైకి తిప్పండి. చల్లని గది నుండి ఎండలోకి వెళ్ళవలసి వచ్చినప్పుడు ఐదు నిమిషాలు హాలులో ఆగి వెళ్ళండి. గదిలో ఎక్కువసేపు పడుకొని ఉండేది వృద్ధులు, శిశువులు. రిమోట్ మాత్రం వారి చేతిలో ఉండదు. వారి ఒళ్ళు తాకి చూసి అంకె మార్చండి.

సాధారణంగా వచ్చే సందేహాలు

కిటికీ తెరిస్తే రోడ్డు మీది దుమ్ము, పొగ వస్తాయి కదా అని పట్టణవాసులు అడుగుతారు. ఆ సందేహం సమంజసమైనదే. వేసవిలో తెల్లవారుజామున, వాహనాలు పెరగక ముందు తెరవండి. చలికాలంలో మంచుతోపాటు పొగ కూడా నేలను అంటి ఉంటుంది గనుక ఎండ బాగా ఎక్కిన తరువాత తెరవండి. రోడ్డు వైపు కిటికీ కన్నా పెరటి వైపు కిటికీ మేలు. పక్కన చెత్త తగలబెడుతున్నప్పుడు, దీపావళి రాత్రి మూసి ఉంచండి. ఇల్లు చీపురుతో ఊడ్చి దుమ్ము లేపడం కన్నా తడిగుడ్డతో తుడవడం మంచిది. వంటయింటిలో పోపు వేసేటప్పుడు పొగ బయటకు పంపే ఫ్యాను తప్పక వేయండి. దాని రెక్కలకు, చిమ్నీ జాలికి పట్టిన జిడ్డును నెలకొకసారి కడగండి.

కుండీలలో మొక్కలు పెంచితే గాలి శుద్ధి అవుతుందని మరొక నమ్మకం. తులసి ఇంటికి శోభ, ఆకు ఔషధం. కాని కిటికీ తెరిస్తే వచ్చే ఫలితం మొక్కలతో రావాలంటే చదరపు మీటరుకు పది నుండి వేయి మొక్కలదాకా కావలసి ఉంటుందని 2019లో శాస్త్రజ్ఞులు పాత పరిశోధనలన్నింటినీ పరిశీలించి తేల్చారు.

గాలిని వడపోసే యంత్రాలు కొనవచ్చునా అని కూడా అడుగుతారు. మంచి వడపోత ఉన్నవి సూక్ష్మరేణువులను పడతాయి. ఉబ్బసం ఉన్నవారి గదిలో ఉపయోగమే. కాని అవి కొత్త గాలిని తేవు, వాటి వడపోతలను కూడా వేళకు మార్చవలసి ఉంటుంది. ఓజోన్ వదిలే యంత్రాల జోలికి పోవద్దు. ఆ వాయువు ఊపిరితిత్తులకు హాని.

ఒక హెచ్చరిక కూడా చేయవలసి ఉన్నది. గాలి బాగుచేసుకున్నాం గదా అని ఉబ్బసం రోగులు వాడుతున్న పీల్చే మందులను తమంత తాము ఆపరాదు. పిల్లిగురక, ఆయాసం, రాత్రివేళ ఊపిరి అందకపోవడం ఉన్న బిడ్డను ఊపిరితిత్తుల వైద్యునికి చూపించాలి.

సంవత్సరం పొడవునా పాటించవలసినవి

1. శివరాత్రి తరువాత ఏసీని లోపలి భాగాలతో సహా కడిగించాలి. కూలర్ మెత్తలు మార్చాలి.

2. వేసవిలో పదిహేను రోజులకొకసారి ఫిల్టర్ జాలి, వారానికొకసారి కూలర్ తొట్టె శుభ్రం చేయాలి.

3. వర్షాకాలంలో గోడల చెమ్మను, ఏసీ నీటి గొట్టాన్ని చూడాలి. బీరువాలను గోడకు ఆనించక జానెడు దూరం ఉంచాలి.

4. వర్షాలు తగ్గాక రెండవసారి సర్వీసింగ్. కూలర్‌ను కడిగి, ఆరబెట్టి, తొట్టె పొడిగా ఉంచి భద్రపరచాలి.

5. చలికాలం రాకముందే గీజర్‌ను పరీక్షింపజేయాలి. మూసిన గదిలో నిప్పులు పెట్టరాదు.

6. అన్ని ఋతువులలోను రోజుకు రెండుసార్లు ఎదురెదురు తలుపు, కిటికీ తెరవాలి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికొకసారి వేడినీటిలో ఉతకాలి.

వీటిలో మూడు వంతులు డబ్బుతో పనిలేనివి. మిగిలినదానికి అయ్యే ఖర్చు కొన్ని వందల రూపాయలు. నెల జీతంతో ఇల్లు నడుపుకునేవారు ఏసీ కొనడానికి వాయిదాలు కడుతున్నారు, దానివల్ల వచ్చిన పడిశానికి మందులు కొంటున్నారు. ఆ రెండు ఖర్చుల నడుమ ఉన్న ఈ చిన్న ఖర్చును మాత్రం దండగ అనుకుంటున్నారు.

నా తోటి ఆయుర్వేద వైద్యులను కూడా కోరేది ఒకటే. ముక్కు కారుతున్న బిడ్డను తెచ్చిన తల్లిదండ్రులకు చూర్ణం పొట్లం కట్టే ముందు ఆ బిడ్డ ఎక్కడ పడుకుంటున్నదో అడగండి. నిదాన పరివర్జనం చెప్పని చికిత్స సగం చికిత్స. పాఠక మహాశయులు ఈ ఆదివారం ఒక పావుగంట వెచ్చించి తమ ఏసీ జాలిని తీసి వెలుతురులో పట్టి చూడగోరుతున్నాను. దాని మీద ఎంత ఉన్నదో చూసిన తరువాత ఇక నేను చెప్పవలసినది ఏమీ ఉండదు.